హంతకుడెవరో ముందే చెప్పేసిన ఎపిసోడ్!

డిటెక్టివ్ సీరియల్ అంటే హంతకుడెవరో చివరి అయిదు నిమిషాల దాకా దాచాలి. అంతేనా? మరి హంతకుణ్ని, తుపాకీని, శవాన్ని మొదట్లోనే చూపించేసి, ఆపైన గంటసేపు జనాన్ని కుర్చీల్లోంచి కదలనివ్వని ఎపిసోడ్ ఒకటుందని మీకు తెలుసా? సీరియల్ పేరు ‘కొలంబో’. ఎపిసోడ్ పేరు ‘మర్డర్ బై ది బుక్’. కొలంబో అంటే శ్రీలంకలోని నగరం కాదండోయ్, లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో హత్య కేసులు చూసే లెఫ్టినెంటు!

ఈ ఎపిసోడ్ అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో వచ్చింది 1971 సెప్టెంబరు 15, బుధవారం రాత్రి. తీసిన దర్శకుడికి అప్పుడు 24 ఏళ్లు. ఎవరో మీకు తెలుసా? స్టీవెన్ స్పీల్‌బర్గ్! ‘జాస్’ సొరచేప రావడానికి ఇంకా నాలుగేళ్లుంది, జురాసిక్ పార్కు డైనోసార్లకైతే 22 ఏళ్లుంది. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది ఒక్క నలిగిన కోటు డిటెక్టివే!

మరి స్క్రిప్టు రాసిందెవరో తెలుసా? స్టీవెన్ బోచ్కో, వయసు 27. పదేళ్ల తర్వాత ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’, ఆ తర్వాత ‘ఎన్‌వైపీడీ బ్లూ’ సృష్టించి అమెరికన్ పోలీసు సీరియళ్ల రూపురేఖలే మార్చేసింది ఈయనే. ఒకే ఎపిసోడ్‌లో ఇద్దరు స్టీవెన్లు, ఇద్దరూ చరిత్రకెక్కారు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఎంతమందికి ఆ రెండు పేర్లు గుర్తున్నాయంటారు?

ఇంకా వినండి. కెమెరా పట్టింది రసెల్ మెటీ. ‘స్పార్టకస్’ సినిమాకు ఆస్కార్ అందుకున్న మహానుభావుడు. ఆర్సన్ వెల్స్ తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ మొదట్లో మూడు నిమిషాలకు పైగా కట్ అనకుండా సాగే షాటు ఉంది చూశారూ, అదీ ఆయన కెమెరా పనే. అప్పటికి ఆయనకు 64 ఏళ్లు. దర్శకుడి వయసూ, రచయిత వయసూ కలిపినా 51. తాతగారికి మనవళ్లిద్దరూ కలిసినా చాలలేదన్నమాట!

ఇప్పుడు అసలు సరుకు. ఈ ఎపిసోడ్ ఎలా మొదలవుతుందో మీకు తెలుసా? మాట లేదు, సంగీతం లేదు. టక టక టక టక... టైప్‌రైటర్ చప్పుడు ఒక్కటే. తెర మీద మాత్రం సన్‌సెట్ బులవార్డు రోడ్డు మీద ఒక కారు పోతూ ఉంటుంది. కారు కనిపిస్తుంది, కారు మోత వినిపించదు. రోడ్డు కనిపిస్తుంది, ట్రాఫిక్ గోల వినిపించదు. మధ్యమధ్యలో ఎత్తైన భవనంలో ఒక గది, అక్కడొకాయన దీక్షగా టైపు చేసుకుంటున్నాడు. కారు దగ్గరపడుతోంది, టకటకలు ఆగడం లేదు. వచ్చేవాడు మిత్రుడో శత్రువో ఒక్క అక్షరం చెప్పకుండానే మన గుండె కూడా టకటకలాడుతుంది!

తలుపు తడతారు. టైపింగ్ ఆగుతుంది. తలుపు తీస్తే ఎదురుగా తుపాకీ! అయ్యబాబోయ్ అనుకునేలోపే తెలుస్తుంది, అందులో తూటాల్లేవు, తమాషా చేశాడు. అసలు చావు కాసేపాగి, నవ్వులన్నీ అయిపోయాక వస్తుంది. నన్నడిగితే ఈ మొదటి కొన్ని నిమిషాల కోసమే ఈ ఎపిసోడ్‌ను రెండుసార్లు చూడొచ్చు. రెండోసారి చూసేటప్పుడు కళ్లు మూసుకుని వినండి, ఇంకా భయమేస్తుంది!

హతుడూ హంతకుడూ ఇద్దరూ ఎవరో మీకు తెలుసా? డిటెక్టివ్ నవలల రచయితలు! జిమ్ ఫెరిస్, కెన్ ఫ్రాంక్లిన్ జంట. మిసెస్ మెల్‌విల్ అనే పెద్దావిడ హంతకుల్ని పట్టిస్తూ ఉండే నవలలు రాసి కోట్లకు పడగలెత్తారు. కిటుకేమిటంటే రాసేది జిమ్ ఒక్కడే. కెన్ పని సభలు, ఇంటర్వ్యూలు, చిరునవ్వులు. జిమ్ ఒకనాడు ‘ఇక నేనొక్కణ్నే రాసుకుంటా’ అన్నాడు. కెన్‌కు రాయడం రాదు, విలాసాలు మానడమూ రాదు. జిమ్ ప్రాణం మీద బీమా మాత్రం ఉంది. ఇంకేముంది, పెన్ను పట్టని చెయ్యి తుపాకీ పట్టింది!

హత్య ఎలా జరిగిందో చెప్పమంటారా? శాన్‌డియాగో దగ్గర ఊరికి దూరంగా ఉన్న తన బంగళాకు జిమ్‌ను సరదాగా తీసుకెళ్లాడు కెన్. అక్కణ్నుంచి ‘ఆఫీసులోనే ఉన్నాను, పని ఉంది, ఆలస్యమవుతుంది’ అని జిమ్ చేతే భార్యకు ఫోన్ చేయించాడు. ఆవిడ వింటుండగానే ఢాం! ఇల్లాలి సాక్ష్యం ప్రకారం హత్య జరిగింది లాస్ ఏంజెలెస్ ఆఫీసులో, హంతకుడేమో ఆ సమయానికి శాన్‌డియాగో వైపున్నాడు. భలే! ఇవాళయితే ఫోన్ టవర్ లెక్క తీసి గంటలో పట్టేస్తారు. 1971లో తీగ ఫోనుకు నోరుంది కానీ అడ్రసు లేదు!

శవాన్ని ఎక్కడ పడేశాడో తెలుసా? అడవిలో కాదు, బావిలో కాదు. డిక్కీలో వేసుకొచ్చి తన ఇంటి ముందు పచ్చికలోనే పడేశాడు! మాఫియావాళ్లు బెదిరించడానికి పడేసి పోయారని పోలీసులు అనుకోవాలట. హంతకుడే శవాన్ని తనింటికి తెచ్చుకోవడం... గుండె కాదది, బండరాయి!

మరి కొలంబోకు మొదటి అనుమానం ఎక్కడొచ్చిందో మీకు తెలుసా? రక్తపు మరకా కాదు, వేలిముద్రా కాదు. ఉత్తరాలు! వాకిట్లో ప్రాణస్నేహితుడి శవాన్ని చూసి పోలీసులకు ఫోన్ చేసిన పెద్దమనిషి, వాళ్లొచ్చేలోపు తనకొచ్చిన ఉత్తరాలు చింపి చదువుకున్నాడు. ఏడవాల్సినవాడు కరెంటు బిల్లు చూసుకుంటాడా చెప్పండి!

రెండో అనుమానం ఇంకా చిన్నది. జిమ్ కనిపించడం లేదని తెలిసి పరుగెత్తుకొచ్చినవాడు విమానం ఎక్కకుండా కారులో ఎందుకొచ్చాడు? విమానంలో డిక్కీ ఉండదు మరి!

ఇంత గొప్ప డిటెక్టివ్ ఈ ఎపిసోడ్‌లో ఎలా ప్రవేశిస్తాడో తెలుసా? గాలి లేదు, దుమ్ము లేదు, తొడగొట్టడం లేదు. బిల్డింగ్ కారిడార్‌లో హతుడి భార్య మంచినీళ్లు తాగుతూంటే పక్కన వచ్చి నిలబడతాడు. అంతే! మన హీరోలకు ఇలాంటి ఎంట్రీ పెడితే థియేటర్లో కుర్చీలు విరుగుతాయి!

ఆ తర్వాత ఆవిణ్ని ఇంటికి తీసుకెళ్లి లెఫ్టినెంటుగారు ఏం చేస్తాడో మీకు తెలుసా? ప్రశ్నలు తర్వాత, ముందు వంటింట్లోకి దూరి ఆమ్లెట్ వేసిపెడతాడు! నాకు మొత్తం ఎపిసోడ్‌లో అన్నింటికన్నా నచ్చిన చోటు ఇది. గిన్నెలు వెతుక్కుంటూ, ఏవేవో కబుర్లు చెబుతూ, కొత్తగా భర్తను పోగొట్టుకున్న మనిషి చేత రెండు ముద్దలు తినిపించే ప్రయత్నం. పోలీసు లాఠీ పట్టి రాబట్టలేని వివరాలు గుడ్డు పగలగొట్టి రాబట్టాడు!

ఒక హత్యతో పోలేదు. దారిలో కిరాణా కొట్టు నడుపుకొనే లిల్లీ అనే ఆవిడ కారులో జిమ్‌ను చూసింది. చూసి ఊరుకుందా? 15 వేల డాలర్లు అడిగింది. బేరం కుదిరినట్టే కుదిరి, షాంపేన్ సీసా ఆవిడ నెత్తిన పడింది. శవం చెరువు పాలు. బ్లాక్‌మెయిల్ చేసేవాళ్లెవరూ హంతకుడితో ఒంటరిగా షాంపేన్ తాగకూడదు!

ఇక్కడొక్క క్షణం నవ్వు ఆపుదాం. లిల్లీగా నటించిన బార్బరా కోల్బీని నాలుగేళ్ల తర్వాత, 1975 జులైలో, లాస్ ఏంజెలెస్‌లోనే నిజంగా కాల్చి చంపారు. ఆవిడకు అప్పుడు 36 ఏళ్లు. చంపిందెవరో ఈనాటికీ తేలలేదు. తెర మీద ఆవిడ కేసు పరిష్కరించడానికి కొలంబో ఉన్నాడు, బయట లేడు.

పట్టుబడ్డ తీరు వింటే నోరెళ్లబెడతారు. ఈ హత్య పథకం మొత్తం ఒక చిత్తుకాగితం మీద ముందే రాసి ఉంది! ఎవరు రాశారో తెలుసా? హతుడే! ఏళ్ల కిందట కెన్ మాటల సందర్భంలో ఒక నవలకు ఈ ఊహ చెబితే, అన్నీ రాసిపెట్టుకునే అలవాటున్న జిమ్ దాన్నీ రాసి దాచాడు. కెన్ జీవితం మొత్తంలో పుట్టిన ఒకే ఒక్క మంచి కథ అది. దాన్ని అచ్చు వేయించుకోలేదు, అమలు చేశాడు! కోర్టులో ఒక్క చిత్తుకాగితం ఎంతవరకు నిలుస్తుందని లాయర్లు పెదవి విరవొచ్చు, నాకూ ఆ సందేహం ఉంది. కథగా మాత్రం అంతకన్నా చక్కటి ముగింపు దొరకదు.

హతుడు జిమ్‌గా నటించిన మార్టిన్ మిల్నర్ అదే కాలంలో అదే చానల్లో ఇంకో సీరియల్లో ఏ వేషం వేస్తున్నాడో మీకు తెలుసా? ‘ఆడమ్-12’లో లాస్ ఏంజెలెస్ పోలీసు వేషం! అంటే కొలంబో తన డిపార్ట్‌మెంటు మనిషి శవాన్నే పరిశోధించాడన్నమాట!

హంతకుడు కెన్‌గా వేసిన జాక్ కాసిడీ బ్రాడ్‌వేలో టోనీ అవార్డు గెలిచిన నటుడు. ఆయన్ని కొలంబో ఎన్నిసార్లు పట్టుకున్నాడో తెలుసా? మూడు సార్లు! మూడు ఎపిసోడ్లు, మూడు పేర్లు, మూడు హంతకులు, ఒకటే మొహం. ఒక్కసారీ ‘మిమ్మల్నెక్కడో చూశానే’ అనలేదు లెఫ్టినెంటు!

మూడేనా రికార్డు? కాదు! పాట్రిక్ మెక్‌గూహన్ నాలుగుసార్లు హంతకుడయ్యాడు. అందులో రెండుసార్లు ఎమ్మీ అవార్డు కొట్టేశాడు. చంపితే సన్మానం చేసే చోటు ప్రపంచంలో ఇదొక్కటే!

ఈ సీరియల్ సృష్టికర్తలు రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్. వీళ్లు ఎప్పటి స్నేహితులో తెలుసా? ఫిలడెల్ఫియాలో బడికి వెళ్లే రోజుల నుంచీ! కలిసి కథలు రాయడం మొదలెట్టి, మొదటి కథ అచ్చు వేయించుకున్నది ‘ఎలరీ క్వీన్’ పేరుతో నడిచే పత్రికలో. ఆ ఎలరీ క్వీన్ ఎవరు? ఒకరు కాదు, ఇద్దరు! ఇద్దరు కజిన్స్ కలిసి పెట్టుకున్న కలం పేరు. జంట రచయితల పత్రికలో అచ్చయిన జంట రచయితల సీరియల్లో జంట రచయితల్లో ఒకడు రెండోవాణ్ని చంపే కథ... తల తిరుగుతోందా? నీళ్లు తాగండి!

మిసెస్ మెల్‌విల్‌ను మర్చిపోకండి. హత్యల గుట్టు విప్పే పెద్దావిడ. సరిగ్గా 13 ఏళ్లకు, 1984లో, ఈ లెవిన్సన్, లింక్‌లు పీటర్ ఫిషర్‌తో కలిసి ‘మర్డర్, షీ రోట్’ మొదలెట్టారు. కథానాయిక ఎవరు? హత్యల గుట్టు విప్పే పెద్దావిడ! కెన్‌కు ఒక్క ఊహే పుట్టింది, వీళ్లు ఒక ఊహను రెండుసార్లు పండించారు!

హంతకుణ్ని ముందే చూపించే ఈ తిరగేసిన పద్ధతి కొలంబోదే అనుకుంటున్నారా? కాదు. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లిష్ రచయిత 1912లోనే ‘ది సింగింగ్ బోన్’ కథల్లో ఈ పని చేశాడు. మన వెంకటేష్ ‘దృశ్యం’లో శవం ఎక్కడుందోనని పోలీసులు తలలు పట్టుకుంటుంటే, చంపిందెవరో తెలిసిన మనం ఊపిరి బిగబట్టి కూర్చున్నామే, ఆ ఆటకు వందేళ్లకు పైబడిన వయసన్నమాట!

కొలంబో పాత్రకు మూలం ఎవరో మీకు తెలుసా? దోస్తోయెవ్‌స్కీ నవల ‘నేరము శిక్ష’లో పోర్ఫిరీ పెత్రోవిచ్! తెలియనట్టు నటిస్తూ, మాటల్లో పెట్టి ముగ్గులోకి దించే ఆ విచారణాధికారికి అమెరికాలో రైన్‌కోటు తొడిగారు!

కొలంబో అంటే పీటర్ ఫాల్క్, పీటర్ ఫాల్క్ అంటే కొలంబో. కానీ మొదటి కొలంబో ఆయన కాదని తెలుసా? 1960లో టీవీలో బెర్ట్ ఫ్రీడ్ వేశాడు. 1962లో నాటకంలో థామస్ మిచెల్ వేశాడు, ‘గాన్ విత్ ది విండ్’లో స్కార్లెట్ తండ్రి ఆయనే. 1968లో వచ్చిన టీవీ సినిమా కోసం గాయకుడు బింగ్ క్రాస్‌బీని అడిగితే వద్దన్నాడు. అలా చుట్టూ తిరిగి తిరిగి వేషం ఫాల్క్ ఒడిలో పడింది. 35 ఏళ్లు లేవలేదు!

ఈ ఎపిసోడ్ వచ్చిన మర్నాడు ఏమిటో మీకు తెలుసా? సెప్టెంబరు 16, ఫాల్క్ 44వ పుట్టినరోజు! కేకు కోయకముందే కానుక అందేసింది!

ఆయన కుడికన్ను గాజుదని తెలుసా? మూడేళ్ల వయసులో కణితి వచ్చి కన్ను తీసేశారు. కుర్రతనంలో బేస్‌బాల్ ఆడుతుంటే అంపైర్ ఔటిచ్చాడట. ఫాల్క్ గాజుకన్ను తీసి ‘ఇది నాకన్నా మీకే అవసరం’ అన్నట్టు అంపైర్ చేతికిచ్చాడట! డీఆర్‌ఎస్ లేని రోజుల్లో ఇంతకన్నా గట్టి అప్పీలు ఉంటుందా?

నటుడు కాకముందు ఆయన ఉద్యోగం ఏమిటో తెలుసా? ప్రభుత్వాఫీసులో పని వేగంగా, పొదుపుగా జరిగేలా సలహాలివ్వడం! మొదటిరోజు ఆ ఆఫీసు ఎక్కడుందో కూడా దొరకలేదని ఆయనే చెప్పుకున్నాడు. సీఐఏలో చేరతానని వెళ్తే వాళ్లూ వద్దన్నారు. అమెరికా గూఢచారి శాఖ పోగొట్టుకున్న మనిషిని టీవీ వెతికి పట్టుకుంది!

ఆ నలిగిన రైన్‌కోటు కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంటుదనుకుంటున్నారా? ఫాల్క్ సొంత కోటది! న్యూయార్క్ 57వ వీధిలో నడుస్తుంటే వాన పట్టుకుంది, పక్క కొట్లో దూరి 15 డాలర్లకు కొన్నాడు. టీవీలో అంత కాలం పనిచేసిన 15 డాలర్లు ఇంకెక్కడైనా ఉన్నాయా?

మరి కొలంబో కారు సంగతి? ప్యూజో 403 కన్వర్టిబుల్, రంగు వెలిసిన పాత బండి. యూనివర్సల్ స్టూడియో గ్యారేజీకి వెళ్లి ఫాల్క్ స్వయంగా ఎంచుకున్నాడు. కొలంబో పెంచుకునే కుక్క పేరు? కుక్కే! పేరు పెట్టలేదు, ‘డాగ్’ అంటే పలుకుతుంది. పలికితే!

ఇక జగత్ప్రసిద్ధమైన ఆ అలవాటు. హంతకుణ్ని వదిలేసి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ‘ఇంకొక్క విషయం’ అంటాడు. హంతకుడి ప్రాణం అక్కడే పోతుంది. అది ఎలా పుట్టిందో మీకు తెలుసా? బద్ధకంతో! సీను నిడివి చాలలేదు, మళ్లీ మొత్తం టైపు చేసే ఓపిక లేదు. వెళ్లిపోయిన మనిషినే వెనక్కి రప్పించి రెండు ప్రశ్నలు అడిగించారు లెవిన్సన్, లింక్‌లు. ఆనాడు వాళ్ల దగ్గర కంప్యూటర్ ఉండి ఉంటే మనకు కొలంబో ఇలా దక్కేవాడు కాదు!

కొలంబో వారంవారం వచ్చేవాడు కాదని తెలుసా? ‘ఎన్‌బీసీ మిస్టరీ మూవీ’ అని ఒక చక్రం. ఒకవారం కొలంబో, ఇంకోవారం ‘మెక్‌క్లౌడ్’, మరోవారం ‘మెక్‌మిలన్ అండ్ వైఫ్’. అందుకే మొదటి సీజన్ మొత్తానికి ఎపిసోడ్లెన్నో తెలుసా? ఏడంటే ఏడు! మన డైలీ సీరియళ్లలో ఏడు ఎపిసోడ్లకు అత్తగారు మెట్లు దిగడం కూడా పూర్తికాదు!

కొలంబో మాటకు ముందు ‘మా ఆవిడ’ అంటాడు. ఆవిడ ఎన్ని ఎపిసోడ్లలో కనిపించిందో మీకు తెలుసా? సున్నా! మరి ఫాల్క్ అసలు భార్య షెరా డనీస్ ఎన్నింట్లో నటించింది? ఆరింట్లో! లేనివాడి భార్య రాలేదు, ఉన్నవాడి భార్య వచ్చింది!

ఆ కనిపించని భార్య పేరుతో 1979లో ‘మిసెస్ కొలంబో’ అని వేరే సీరియలే పెట్టారు. నటి కేట్ మల్‌గ్రూ వయసు 23! జనం ఒప్పుకోలేదు. సీరియల్ పేరు మార్చారు, మళ్లీ మార్చారు, 13 ఎపిసోడ్లకు మూసేశారు.

కొలంబో తుపాకీ పట్టడు, తెలుసా? ఒక ఎపిసోడ్‌లో డిపార్ట్‌మెంటు షూటింగ్ పరీక్షకు తన బదులు ఇంకొకణ్ని పంపిస్తాడు! ప్రాక్సీ హాజరు మన కాలేజీల్లోనే పుట్టిందనుకునేవాళ్లు చెంపలేసుకోండి!

1968 నుంచి 2003 దాకా మొత్తం 69 కొలంబో కథలు. ఈ పాత్రకే ఫాల్క్‌కు నాలుగు ఎమ్మీలు. ‘మర్డర్ బై ది బుక్’ను 1997లో ‘టీవీ గైడ్’ పత్రిక ఎక్కడ నిలబెట్టిందో తెలుసా? అన్ని కాలాల వంద గొప్ప ఎపిసోడ్లలో 16వ స్థానంలో! స్పీల్‌బర్గ్ అయితే అన్ని రోజులు ఆగలేదు. రెండు నెలలకే, 1971 నవంబరు 13న, లారీ తరిమే ‘డ్యుయల్’తో మళ్లీ టీవీలో ప్రత్యక్షమయ్యాడు. దానికి సంగీతం ఎవరు? ఈ ఎపిసోడ్‌కు సంగీతం ఇచ్చిన బిల్లీ గోల్డెన్‌బర్గే!

ఇలాంటి విశేషాలు పోగేసేవాళ్లందరూ తప్పక తెలుసుకోవలసిన ఘట్టం ఇదిగో. కొలంబో పూర్తి పేరు ఏమిటి? ఫ్రెడ్ వర్త్ అనే ఆయన 1974లో అచ్చయిన తన ‘ట్రివియా ఎన్‌సైక్లోపీడియా’లో ‘ఫిలిప్ కొలంబో’ అని రాశాడు. అది పచ్చి అబద్ధం! తన పుస్తకాన్ని ఎవరైనా కాపీ కొడితే దొరికిపోవాలని కావాలనే పెట్టిన ఎర. పదేళ్లు తిరక్కుండా చేప పడింది. ‘ట్రివియల్ పర్స్యూట్’ అనే ప్రఖ్యాత క్విజ్ ఆటలో ‘కొలంబో మొదటి పేరేమిటి?’ అనే ప్రశ్న, ‘ఫిలిప్’ అనే జవాబు ప్రత్యక్షం!

వర్త్ కోర్టుకెక్కాడు. ఎంత అడిగాడో మీకు తెలుసా? 30 కోట్ల డాలర్లు! ఆటవాళ్లు ‘అవును, మీ పుస్తకం చూశాం, ఇంకా చాలా పుస్తకాలూ చూశాం’ అని దర్జాగా ఒప్పుకున్నారు. వాస్తవాలు ఎవడి సొంత ఆస్తీ కాదని కోర్టు తేల్చి కేసు కొట్టేసింది. దొంగను కొలంబో పద్ధతిలో పట్టుకున్నాడు పాపం, శిక్ష వేయించలేకపోయాడు!

మరి అసలు పేరు? సీరియల్లో ఎవరూ ఎప్పుడూ పలకలేదు. కానీ ‘డెడ్ వెయిట్’ ఎపిసోడ్‌లో ఆయన పోలీసు కార్డు ఒక్క క్షణం తెర మీదికొస్తుంది. ఆపి చూస్తే ‘ఫ్రాంక్’! ఇంటికి అతిథులొచ్చినప్పుడు ఈ ప్రశ్న వేయండి, ‘ఫిలిప్’ అన్నవాళ్లు ఏ పుస్తకం చదివారో ఇట్టే తెలిసిపోతుంది.

రొమేనియాలో ఏం జరిగిందో ఫాల్క్ చెబుతుండేవాడు. 1970లలో అక్కడి టీవీలో కొలంబో ఎపిసోడ్లు అయిపోయాయి. ప్రభుత్వమే కావాలని ఆపేసిందని జనం కోపంగా ఉన్నారు. అప్పుడు ఆయన్నే కెమెరా ముందు కూర్చోబెట్టి, ‘ఓపిక పట్టండి, మళ్లీ వస్తాయి’ అని రొమేనియన్‌లో చెప్పించారట! కమ్యూనిస్టు సర్కారు పూచీకత్తు అడిగిన ఏకైక అమెరికా పోలీసు!

అసలు కొలంబో విగ్రహం ఏ ఊళ్లో ఉందో మీకు తెలుసా? లాస్ ఏంజెలెస్? న్యూయార్క్? రెండూ తప్పే! హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో! 2014లో పెట్టారు. తల గోక్కుంటున్న లెఫ్టినెంటు, కాళ్ల దగ్గర కుక్క. అక్కడెందుకు? ఆ వీధి పేరు చూడండి: ఫాల్క్ మిక్షా వీధి. మిక్షా ఫాల్క్ అనే పాతకాలపు నాయకుడి పేరది. ఆయనకూ మన పీటర్ ఫాల్క్‌కూ చుట్టరికం ఉందన్న ఆధారం మాత్రం ఎవరూ చూపలేదు. కేసు ఇంకా తెరిచే ఉంది, లెఫ్టినెంటు అక్కడే నిలబడి ఆలోచిస్తున్నాడు!